ఒకే కొండదారి, రెండు రోల్స్ రాయిస్‌లు

"పెట్రోలు ట్యాపు తిప్పారా?" అని అడుగుతారు పెద్దాయన.

తిప్పానంటాను. ఆయన తల ఊపుతారు గానీ నా మాట మీద వదిలేయరు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల మీద వంగి, తన చేత్తో మళ్లీ ఒకసారి సరిచూసుకుని లేస్తారు.

అక్టోబరు ఉదయం. ఇంగ్లండులోని డెర్బీషైర్, మాట్‌లాక్ ఊరి బయట. ఒకప్పటి పశువుల కొట్టం ఇప్పుడు కారు షెడ్డు. నల్లరాతి గోడల మీంచి చలి దిగుతోంది. నూనె, పాత తోలు, తడి గడ్డి వాసనలు కలిసి ఉన్నాయి. మధ్యలో ముదురాకుపచ్చ రంగు కారు, పైకప్పు మడిచి, నిలువెత్తు రేడియేటరుతో నిలబడి ఉంది. 1912లో ఇదే జిల్లాలోని డెర్బీలో తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. నడిపేది ఈ పెద్దాయనే. డెర్బీలో డాక్టరుగా స్థిరపడిన నా చిన్ననాటి స్నేహితుడి చలవ వల్ల ఈ ఉదయం దీంట్లో, మధ్యాహ్నం దీని పేరే పెట్టుకున్న కొత్త గోస్ట్‌లో ఒకే దారిన వెళ్లబోతున్నాను.

ట్యాపు విషయంలో పెద్దాయన పట్టుదలకు ఒక చరిత్ర ఉంది. 1907లో ఏఎక్స్ 201 అనే నంబరున్న ఇలాంటి కారే లండన్, గ్లాస్గోల మధ్య ఎడతెగకుండా తిరిగింది. కంపెనీ తన కారు గట్టిదనాన్ని లోకానికి చూపించాలనుకుంది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ మనుషులు పక్కన కూర్చుని లెక్కలు రాశారు. 629 మైళ్ల దగ్గర కారు ఆగిపోయింది. ఇంజను చెడలేదు. రోడ్డు కుదుపులకు పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకుపోయింది, అంతే. తెరిచి మళ్లీ బయల్దేరారు. అక్కణ్ణుంచి 14,371 మైళ్లు తనంతట తాను ఆగడమన్నది లేకుండా నడిచి 15,000 పూర్తి చేసింది. తర్వాత కారంతా విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ కొత్త కారు చేయడానికైన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్సులు. ఒంటికి వెండి రంగు వేసుకున్న ఆ ఒక్క కారు పేరే సిల్వర్ గోస్ట్. కంపెనీ పుస్తకాల్లో ఈ మోడల్ పేరు '40/50 హెచ్.పి.' మాత్రమే. జనం మాత్రం ఆ కారు పేరునే మొత్తం వంశానికి పెట్టుకున్నారు.

"ఇప్పుడు గాలి కొట్టండి" అంటారు పెద్దాయన.

డాష్‌బోర్డు మీద చిన్న ఇత్తడి చేతిపంపు ఉంది. పెట్రోలు ట్యాంకు వెనకాల, కిందుగా ఉంటుంది. దాంట్లోకి గాలి ఎక్కితేనే పెట్రోలు ముందుకొస్తుంది. పక్కనున్న గేజీ ముల్లు కదిలేదాకా కొట్టాలి. ఇంజను తిరగడం మొదలయ్యాక ఆ పని అదే చూసుకుంటుంది. స్టీరింగు చక్రం మధ్యలో చిన్న మీటలున్నాయి. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఒకటి చెబుతుంది, ఇంజను వేగం ఎంతుండాలో మరొకటి. మొదటిదాన్ని ఆయన వెనక్కి లాగుతారు. అది మరచిపోతే హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది.

"బొటనవేలు చుట్టకండి. మిగతా వేళ్ల వైపే ఉంచండి. వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది."

ముందుకెళ్లి హ్యాండిల్ పట్టుకుంటాను. స్విచ్చి ఇంకా వేయలేదు. ముందు సిలిండర్లలోకి పెట్రోలు ఆవిరి లాక్కోవాలి. తిప్పుతుంటే బావిలో నిండిన చేద నీళ్ల మీంచి పైకి లేచే క్షణాన గిలక తాడు చేతికి బరువు చెప్పినట్టే, ఒక్కో సిలిండరు నొక్కుకుంటున్నప్పుడు ఆ బరువు మణికట్టుకు తెలుస్తుంది. బరువెక్కుతుంది, దాటుతుంది, మళ్లీ బరువెక్కుతుంది. లోపల ఆరున్నాయని ఎవరూ చెప్పకపోయినా చేతికి తెలిసిపోతుంది.

"చాలు. వదిలేసి పక్కకు రండి."

ఇంజను రాలేదు కదా అని నేననుకుంటున్నాను. ఆయన డాష్‌బోర్డు దగ్గరికెళ్లి స్విచ్చి తిప్పుతారు. సన్నగా తుమ్మెద రొద. మరుక్షణం పెద్ద ఇంజను మెల్లగా ఒళ్లు విరుచుకుని తిరగడం మొదలుపెడుతుంది. హ్యాండిల్ ఎవరూ ముట్టుకోలేదు. సెల్ఫ్ మోటారు అసలు లేదు. ఈ కార్లకు కంపెనీ దాన్ని పెట్టింది 1919 నుంచే. జరిగిందేమిటంటే, ఏదో ఒక సిలిండరులో నొక్కుకుని ఉండిపోయిన ఆవిరి మీద కాయిల్ నుంచి నిప్పురవ్వలు వరసగా పడ్డాయి. ఆ ఒక్క పేలుడే మిగతా అయిదింటినీ లేపింది. సిలిండర్లు గాలి కారకుండా ఎంత బిగువుగా ఉంటే ఇది సాధ్యమో ఊహించుకోండి. ఆ బిగువు తెచ్చినవాళ్లు ఆకురాయి పట్టి, గీకి, నూనె పూసి కొలిచిన ఫిట్టర్లు.

బానెట్ ఎత్తి చూపిస్తారు. మూడేసి సిలిండర్ల దిమ్మెలు రెండు, ఒకదాని వెనక ఒకటి. మొత్తం 7,428 సీసీలు. సిలిండరుకు రెండేసి ప్లగ్గులు: ఒక వరస మాగ్నెటోతో, ఇంకో వరస కాయిల్‌తో పనిచేస్తాయి. ఒకటి దెబ్బతిన్నా రెండోది ఇల్లు చేరుస్తుంది. ఆ కాలంలో ఆరు సిలిండర్ల ఇంజనంటే ఇంజనీర్లకు గుండె దడ. పొడవైన క్రాంక్‌షాఫ్ట్ ఒక వేగం దగ్గర మెలిపడి, ఊగి, విరిగిపోయేది. హెన్రీ రాయిస్ ముందు చేసిన ఆరు సిలిండర్ల కారుకూ ఆ బాధ తప్పలేదు. ఈసారి ఆయన మూడేసి సిలిండర్ల ఇంజన్లు రెండింటిని అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలిపినట్టు లెక్క కట్టి, షాఫ్ట్‌ను లావు చేసి, ఏడు బేరింగుల మీద పడుకోబెట్టారు. దాంతో ఆ వణుకు పోయింది. తిరుగుతున్న ఇంజను మీద నాణెం నిలువునా నిలబెట్టి చూపించేవారట అప్పట్లో. పెద్దాయన నాణెం తీయలేదు. నా అరచేతిని సిలిండరు పక్కన ఇనుము మీద పెట్టించారు. వెచ్చదనం తెలిసింది. వణుకు దాదాపు లేదు.

రాయిస్ మనసు అర్థం కావాలంటే అలా చెయ్యి పెట్టి చూడాలి. పదేళ్ల వయసుకే పనిలోకి దిగిన పేదింటి పిల్లవాడు. కాలేజీ చదువు లేదు. లార్డు కొడుకైన చార్లెస్ రోల్స్‌ను 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో కలిశాక ఇద్దరి పేర్లూ ఒక్కటయ్యాయి. రోల్స్ 1910లో విమానం కూలి చనిపోయేనాటికి ఈ కారు నిలదొక్కుకుంది. జనం నోట్లో రోల్స్ పేరు ముందొస్తుంది గానీ, నా చెయ్యి ముట్టుకున్నది రాయిస్ పనితనం.

ఎక్కి కూర్చుంటాను. ఎంత ఎత్తు! పొలం గోడల మీంచి అవతలి పొలాలు కనబడుతున్నాయి. ముందు అద్దం ఉన్నా చలిగాలి చెవుల పక్కనుంచి దూసుకొస్తోంది. గేరు కర్ర డ్రైవరుకు కుడిపక్కన ఉంది. మూడే గేర్లు. డార్లీ డేల్ దాటి రోస్లీ వైపు సాగుతున్నాం. పెద్దాయన కారు కదిలిన కాసేపటికే మూడో గేరు వేసి మరి తీయలేదు. ఊరి మధ్యలో ఒక ముసలమ్మ కుక్కతో రోడ్డు దాటుతుంటే నడక వేగానికి దించి, మళ్లీ అదే గేరులో, ఇంజను మూలగకుండా పైకి లాగేశారు. ఏభై గుర్రాల ఇంజను అంటే ఈ రోజుల్లో చిన్న కారు స్థాయి. కానీ ఆ ఏభై గుర్రాలూ కింది వేగంలోనే సిద్ధంగా ఉంటాయి. 1911లో ఇలాంటి కారు ఒకటి లండన్ నుంచి ఎడిన్‌బరా వెళ్లి తిరిగొచ్చింది, రానూపోనూ సుమారు 800 మైళ్లు, మొత్తం టాప్ గేరులోనే. గాలనుకు 24.32 మైళ్లు ఇచ్చిందని లెక్క. మన లెక్కలో లీటరుకు దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. మధ్యాహ్నం ఎక్కబోయే కారు కంపెనీ లెక్కల ప్రకారమే లీటరుకు ఆరున్నర ఇస్తుంది. తేలికైన బాడీతో, తక్కువ వేగంతో చేసిన ప్రయాణం కాబట్టి ఈ పోలిక పూర్తి న్యాయమైనది కాదు. అయినా వందేళ్లకు పైగా గడిచిన ఇంజనీరింగు ఎక్కడ ఖర్చయిందన్న ప్రశ్న మిగులుతుంది.

బేక్‌వెల్‌లో వై నది మీద మధ్యయుగాల నాటి రాతివంతెన. ఆష్‌ఫర్డ్ దగ్గర కుడికి తిరిగి మోన్సల్ హెడ్ కొండ ఎక్కాలి. ఇక్కడే పెద్దాయన మాటలు ఆపేశారు. చెవి ఇంజను వైపు వంగింది. వాలు పెరుగుతోంది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేరులోకి కర్రను తోశారు. చప్పుడు లేదు. పళ్లూ పళ్లూ ఒకే వేగంలో కలిస్తేనే కలుస్తాయి, లేకపోతే రోడ్డంతా వినబడేలా కరకరమంటాయి. సింక్రోమెష్ లేని గేరుబాక్సు ఇది. మన దగ్గర పాత లారీలు నడిపినవాళ్లకు ఈ విద్య తెలుసు.

"ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది?" అని అరిచి అడుగుతాను.

"అదే చెబుతుంది" అని బానెట్ వైపు చూపిస్తారు.

మూడు గేర్ల ఈ కార్లకు ఒకసారి తలవంపు కూడా జరిగింది. 1912 ఆల్పైన్ పోటీలో ఆస్ట్రియాలోని కాట్ష్‌బర్గ్ కనుమ మీద ఒక సిల్వర్ గోస్ట్ ఎక్కలేక ఆగిపోయింది. మనుషులను దింపాకగానీ కదల్లేదు. కంపెనీ ఆ అవమానాన్ని మింగి ఊరుకోలేదు. మరుసటేడు నాలుగు గేర్లతో వచ్చి అదే పోటీలో అదరగొట్టింది. తప్పు ఒప్పుకుని ఇనుముతో జవాబు చెప్పడమంటే నాకు గౌరవం.

కొండ మీద కాసేపు ఆగాం. కింద లోయలో నది మీద హెడ్‌స్టోన్ వయాడక్ట్ కమానులు కనిపిస్తున్నాయి. ఆగీ ఆగకముందే నలుగురు చుట్టూ చేరారు. ఒక పిల్లవాడు ఇత్తడి హారను రబ్బరు బుడ్డి నొక్కొచ్చా అని అడిగాడు. పెద్దాయన నొక్కించారు.

దిగేటప్పుడు నా పొట్టలో భయం పుట్టింది. దాచడం ఎందుకు? ఈ కారుకు ముందు చక్రాలకు బ్రేకులు లేవు. 1923 దాటేదాకా ఈ మోడల్‌కు అవి రాలేదు. కాలి బ్రేకు గేరుబాక్సు వెనకనున్న డ్రమ్మును పట్టుకుంటుంది, చేతి బ్రేకు వెనక చక్రాలను. ఒకదాన్నే పట్టుకుని దిగితే కాలిపోతుంది. అందుకే పెద్దాయన కాసేపు కాలితో, కాసేపు చేత్తో, కాసేపు ఇంజనుతో ఆపుకుంటూ దిగుతున్నారు. దూరంగా పొలం గేటు దగ్గర ట్రాక్టరు పొగ కనబడగానే, అది రోడ్డెక్కుతుందో లేదో తెలియకముందే వేగం తగ్గించేశారు. సీటు బెల్టు లేదు. తలుపు నా మోచేతి కిందికే ఉంది. ఒక పసివాడు గోడ పక్కనుంచి పరుగెత్తుకొస్తే ఈ కారు ఆగదు. పాతకాలం అందాన్ని మెచ్చుకునేవాళ్లం ఈ ఒక్కమాట ప్రతిసారీ చెప్పి తీరాలి.

మధ్యాహ్నం, అదే షెడ్డు ముందు, అదే దారి.

కొత్త కారు చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. రోల్స్ రాయిస్ గోస్ట్, 2020లో మొదలైన రెండో తరం. నడిపేది కరీంనగర్ కుర్రాడు. లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేసి ఉద్యోగంలో ఉన్నాడు. పెళ్లిళ్లకు కార్లు అద్దెకిచ్చేవాళ్ల తరఫున శని, ఆదివారాలు దీన్ని నడుపుతాడు. రేపు బర్మింగ్‌హామ్‌లో తెలుగువాళ్ల పెళ్లి ఉందట.

"అన్నా, తలుపు గట్టిగ గుంజకుండ్రి. గీ మీట ఒత్తితె చాలు, అదే మూసుకుంటది."

వెనక తలుపు వెనక్కి తెరుచుకుంటుంది. తలుపు మందంలోనే గొడుగు దాచిపెట్టి ఉంది. మీట నొక్కితే తలుపు మెల్లగా వచ్చి కలిసిపోయింది. దాంతో డెర్బీషైర్ మాయమైంది. గాలి, పొలాల వాసన, ఎక్కడో మోగుతున్న ట్రాక్టరు, ఏదీ లేదు. మందపాటి ఉన్ని తివాచీలో బూట్లు కూరుకుపోయాయి. కప్పులోంచి సన్నని ఫైబర్ చుక్కలు వందలకొద్దీ మెరుస్తున్నాయి.

"ఇంజను స్టార్ట్ చేశావా?"

"ఎప్పుడో అయిందన్నా. సప్పుడే రాదు. పెండ్లికొడుకులు గూడ గదే అడుగుతరు."

ముందున్నది 6,749 సీసీల వి12 ఇంజను, రెండు టర్బోలు, 563 గుర్రాలు. పాతదానికంటే ఇంజను చిన్నదే, శక్తి పదింతలకు పైన. విచిత్రంగా ప్లగ్గుల లెక్క రెండింటిలోనూ పన్నెండే. గుణం కూడా ఒకటే: పూర్తి బలం 1,600 చుట్ల దగ్గరే వచ్చేస్తుంది, ఇంజను అరవనక్కర్లేదు. చుట్లు చూపించే గేజీ అసలు లేదు. దాని బదులు ఇంకెంత బలం మిగిలి ఉందో చెప్పే ముల్లు ఉంది. బేక్‌వెల్ దాటేదాకా అది వందకు కాస్త కిందే ఊగుతోంది. దాదాపు రెండున్నర టన్నుల బండిని కొండల్లో లాగుతూ ఇంజను తన బలంలో పిసరంత మాత్రమే వాడుతోంది.

కిటికీ అవతల గొర్రెలు నోరు తెరుస్తున్నాయి. అరుపు రావడం లేదు.

ఈ నిశ్శబ్దం కోసం వంద కిలోలకు పైగా శబ్దాన్ని మింగే సరుకును గోడల్లో, నేలలో, కప్పులో కూరారు. డిజైన్ దశలో లోపల మరీ చప్పుడు లేకుండా పోయి మనుషులకు తల తిరిగినట్టుండటంతో, సన్నని స్వరం ఒకటి కావాలనే మిగిల్చామని కంపెనీ ఇంజనీర్లే చెప్పారు. ఉదయం బానెట్ కింద నేను చూసింది చప్పుడు పుట్టకుండా చేసిన పని. ఇక్కడున్నది పుట్టిన చప్పుడును, దాంతోపాటు లోకాన్నంతటినీ, బయటే ఆపేసే పని. రెండూ కష్టమైనవే. నా మనసు మొదటిదానికే ఓటేస్తుంది.

ఆష్‌ఫర్డ్ దగ్గర కుడికి తిరిగాం. మోన్సల్ హెడ్ ఎక్కుడు. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను, గేరు ఎక్కడ మారుతుందోనని. తెలియనే లేదు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉపగ్రహం ద్వారా దారిని ముందే చదువుకుంటుంది. మలుపు మన కంటికి కనబడకముందే దానికి తగ్గ గేరు పట్టుకుని ఉంటుంది. ముందు అద్దం పైనున్న కెమెరాలు రోడ్డు మీది గుంతలను చూసి సస్పెన్షన్‌కు చెబుతాయి. ఆ ఏర్పాటుకు కంపెనీ పెట్టిన పేరు ఫ్లాగ్‌బేరర్. 1865 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండ్ల ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాల్సి ఉండేది. ఆ మనిషి జ్ఞాపకమే ఈ పేరు. నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగూ తిరుగుతాయి. మలుపులో నా చేతిలోని నీళ్ల సీసాలో నీళ్లు వంగలేదు.

కుర్రాడు రెండు వేళ్లతో స్టీరింగు పట్టుకుని ఊరి సంగతులు చెబుతున్నాడు. ఉదయం ఇదే చోట పెద్దాయన మాట ఆపేసి, చెవి వంచి, రెండు పాదాలూ ఒక చెయ్యీ ఒక్క తాళంలో కదిపారు. ఆయన చెవిలో ఉన్న విద్య ఇప్పుడు ఈ కారు చిప్పుల్లోకి వెళ్లిపోయింది. నూటపదేళ్లలో జరిగిన అసలు మార్పు ఇదే. తోలు, కలప, రేడియేటరు మీద చార్లెస్ సైక్స్ 1911లో మలిచిన రెక్కల బొమ్మ అలాగే ఉన్నాయి. తెలివి మాత్రం మనిషిని వదిలి యంత్రంలోకి మారింది. అప్పట్లో కారు కొన్న ధనవంతుల డ్రైవర్లకు కంపెనీయే శిక్షణ ఇచ్చేది, ఎందుకంటే ఆ కారులో సగం ఆ డ్రైవరే. ఇప్పటి కుర్రాడు ఒక్క పూటలో ఈ కారు నేర్చుకున్నానన్నాడు. అతని నైపుణ్యం తక్కువని కాదు. కారు అతన్ని ఏమీ అడగలేదు.

దిగేటప్పుడు ఉదయం ట్రాక్టరు పొగ కనబడిన చోటే ఒక సైకిలు మనిషి ఒక్కసారిగా అడ్డం తిరిగాడు. కుర్రాడి కాలు ఎప్పుడు కదిలిందో, కారు ఎప్పుడు పట్టుకుందో చూసేలోపే నిలబడిపోయాం. సైకిలాయన చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఉదయం కారులో ఇదే జరిగి ఉంటే? ఆ ఆలోచనకే నా అరచేతులు చెమర్చాయి. ఈ విషయంలో వాదన లేదు. ప్రాణం విలువ తెలిసిన కారు కొత్తదే.

"అన్నా, పెండ్లికొడుకు ఎక్కంగనే పైకి చూసి ఫోన్ తీస్తడు. బయట ఎవ్వరు చూస్తున్నరో చూడడు" అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

ఆ మాటతో నాకు హైదరాబాదు గుర్తొచ్చింది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్ ఉంది. బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారుతో ఊరేగే యోగం ఆయనకు దక్కలేదు, 1911లోనే కన్నుమూశారు. అది కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. దాని వెనక సీటు మిగతావాటికంటే ఎత్తుగా, సింహాసనం పద్ధతిలో ఉంటుంది. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. ఉత్సవాల రోజున వీధి పక్కన నిలబడ్డవాళ్లకు ప్రభువు కనబడాలన్నది ఆ ఎత్తుకున్న అర్థం. ఆనాటి వైభవం జనానికి కనబడటంలో ఉంది. నేను కూర్చున్న గోస్ట్ అద్దాలు నల్లబారి ఉన్నాయి, చుక్కలు నా కోసమే వెలుగుతున్నాయి. ఈనాటి వైభవం జనానికి కనబడకపోవడంలో ఉంది. రాచరికాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ చూసేవాళ్లకు ఏదో ఒకటి ఇచ్చే కారుకూ, చూడనివ్వని కారుకూ మధ్య తేడా మనిషి మనసులో కూడా తేడా తెస్తుందని నేను నమ్ముతాను. మోన్సల్ హెడ్ దగ్గర ఉదయం హారను నొక్కిన పిల్లవాణ్ణి తలచుకోండి. మధ్యాహ్నం అక్కడే ఆగినప్పుడు మా దగ్గరికి ఎవరూ రాలేదు.

మన మహారాజు ఒకాయన అవమానానికి పగతీర్చుకోవడానికి రోల్స్ రాయిస్‌లతో చెత్త మోయించాడన్న కథ వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతుంది. దానికి ఆధారం లేదు. ఉన్న నిజమే అంతకంటే గొప్పది: వందేళ్లు పైబడిన ఆ పసుపు కారు చౌమహల్లాలో ఇప్పటికీ నిలిచి ఉంది.

సాయంత్రం షెడ్డులో టీ తాగుతూ పెద్దాయనను అడిగాను, భాగం పోతే ఏం చేస్తారని. ఆయన నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ గ్రామం పేరు చెప్పారు. అక్కడి హంట్ హౌస్‌లో రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బు ఉంది, 1957లో పుట్టింది. పాత కార్ల ఛాసిస్ కార్డులు, అంటే ఏ కారు ఎవరికి, ఏ కొలతలతో వెళ్లిందో ఫ్యాక్టరీ రాసుకున్న కాగితాలు, అక్కడ భద్రంగా ఉన్నాయి. కొలత దొరికితే లేతు మిషనున్న మంచి ఫిట్టరు భాగం చేసి ఇస్తాడు. డెర్బీలో కార్ల తయారీ రెండో ప్రపంచయుద్ధంతో ఆగిపోయింది. ఇప్పటి కార్లు బీఎండబ్ల్యూ యాజమాన్యంలో 2003 నుంచి గుడ్‌వుడ్‌లో తయారవుతున్నాయి. కన్నతల్లి లాంటి ఫ్యాక్టరీ పోయినా ఈ కారు బతికే ఉంది. దాని రహస్యాలన్నీ కంటికి కనబడతాయి, చేతికి అందుతాయి.

కొత్త గోస్ట్ రహస్యాలు కంటికి కనబడవు. అవి డజన్లకొద్దీ చిన్న కంప్యూటర్లలో, తాళం వేసిన ప్రోగ్రాముల్లో ఉన్నాయి. చిప్పు చేసేవాళ్లు ఆపేసిన రోజున, ప్రోగ్రాము చదివే యంత్రం దొరకని రోజున లేతు మిషను పనికిరాదు. 2130లో ఈ కారు నడుస్తుందని పందెం కాయను. 1912 కారు నడుస్తుందని కాస్తాను.

అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కొత్త గోస్టే ఎక్కిస్తాను, రెండో ఆలోచన లేదు. కారుగా అది అన్నిట్లోనూ మెరుగైనది. యంత్రమంటే ఏమిటో నా బిడ్డకు నేర్పాలంటే మాత్రం ఆ రాతి షెడ్డుకే తీసుకొస్తాను, హ్యాండిల్ చేతికిస్తాను, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చెబుతాను.

ఇక మీకో విన్నపం. చౌమహల్లాకు వెళ్తే ఆ పసుపు కారు ముందు ఫోటో దిగి కదిలిపోకండి. రెండు నిమిషాలు ఆగి, ఆ ఎత్తైన సీటు, ఆ రేడియేటరు చూడండి. అంతకంటే ముఖ్యం, మీ ఊళ్లో, మీ వీధిలో చెవితోనే ఇంజను జబ్బు చెప్పగల పాత మిస్త్రీ ఇంకా ఉంటారు. అంబాసిడర్, ఫియట్, జీపు విప్పి కట్టినవాళ్లు వాళ్లు. కొలతలు వాళ్ల తలలోనే ఉన్నాయి, ఏ క్లబ్బూ వాటిని కార్డుల మీద రాసుకోలేదు. ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.